ఆత్మారాం నాలుక

మా మిల్లు ప్రయోగశాలలో ఆత్మారాం అంత పనికిమాలినవాడు ఇంకొకడు లేడు. కోపంతో అంటున్న మాట కాదిది. కోపం రావాలన్నా ఎదుటి మనిషిలో కాస్త సరుకుండాలి. దాదాపు మూడు సీజన్లు అతని పక్క బల్ల దగ్గర కూర్చుని నమూనాల రిజిస్టరు రాసినవాణ్ని కనుక, అతని సంగతి నాకు తెలిసినంతగా కన్నతల్లికి కూడా తెలియదు.

నిజామాబాద్ గంజ్ బజారులో బెల్లం అడ్తి దుకాణం నడిపిన లింబయ్యకు ఒక్కగానొక్క కొడుకు అతను. పదేళ్ళ వయసులో దుకాణం ముందు పీట మీద కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి బండిలోంచీ ఒక బెల్లం ముక్క నోట్లో పెట్టేవాళ్ళట. పిల్లవాడు కళ్ళు మూసుకుని చప్పరించి, ఇది మాక్లూర్‌ది, ఇది ఆర్మూర్‌ది అని చెప్పేవాడట. చుట్టూ చేరినవాళ్ళు ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు. తల్లి రుక్మాబాయి ఇంటికి రాగానే దిష్టి తీసేది. చాలా ఏళ్ళ తర్వాత గంజ్ హమాలీ ఒకతను నాకు అసలు సంగతి చెప్పాడు. మాక్లూర్ రైతులు బెల్లం ముద్దలు మోదుగాకుల్లో చుట్టి తెచ్చేవాళ్ళు, ఆర్మూర్ వాళ్ళు గోనెసంచుల్లో తెచ్చేవాళ్ళు. కళ్ళు మూసుకోక ముందే పిల్లవాడు ఓసారి బండి వైపు చూసేవాడు. హమాలీలందరికీ తెలుసు. లింబయ్య మొహం చూసి ఎవరూ నోరు విప్పలేదు.

మెట్రిక్ మూడోసారికి గట్టెక్కింది. హైదరాబాద్ పోయి ఇంటర్‌లో సైన్సు తీసుకుని, ఏడాది తిరక్కుండానే వచ్చేశాడు. అక్కడి నీళ్ళు పడలేదన్నాడు. చదువు పడలేదని పట్నం నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. వస్తూ వస్తూ ఒక నల్ల కోటు, ఒక వెండి పాన్‌దాన్, 'హెచ్ టూ ఓ' అనే మాట తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఎవరింటికి పోయినా మంచినీళ్ళను ఆ పేరుతోనే అడిగేవాడు. ఇచ్చేవాళ్ళకు అర్థం కాకపోతే నవ్వి, సైన్సులో నీళ్ళను అట్లా అంటారని విడమరచి చెప్పేవాడు. ఆ సంతోషం కోసమే అడిగేవాడనుకుంటాను.

నిజాంసాగర్ కాలువ నీళ్ళు వచ్చాక వర్ని చుట్టుపక్కల వరితోపాటు చెరకు కూడా పెరిగింది. బోధన్‌లో పెద్ద ఫ్యాక్టరీ కడతారన్న మాట ఇంకా మాటగానే ఉన్న రోజుల్లో నలుగురు భాగస్తులు కలిసి వర్ని దారిలో ఒక చిన్న చక్కెర మిల్లు పెట్టారు. ఎక్కడో మూతపడ్డ మిల్లు నుంచి కొనుక్కొచ్చిన పాత యంత్రాలు. గానుగ రోజుకు రెండుసార్లు ఆగేది. ప్రయోగశాల ఒక్కటే ఆ ఆవరణలో సరిగా నడిచేది. అది కులకర్ణి గారి చలవ.

కులకర్ణి గారు పూనా వైపు నుంచి వచ్చిన కెమిస్టు. సన్నటి మనిషి, యాభై దాటాయి, మరాఠీ కలిపి తెలుగు మాట్లాడేవారు. ఆయన ఉన్నన్నాళ్ళు మా గదిలో బల్ల మీద దుమ్ము చూడలేదు. గాజు సామానంతా చెక్క మేకులకు బోర్లించి ఉండేది. తేజాబ్ సీసాలు, అంటే గంధకామ్లం లాంటివి, కిందటి అరలోనే ఉండాలి. తలకంటే ఎత్తున పెడితే దించేటప్పుడు జారి మొహం మీద పడుతుందని ఆయన భయం. ఏ సీసానైనా మెడ పట్టుకుని ఎత్తితే చేతి మీద ఒక్కటిచ్చేవారు. ఒక చెయ్యి అడుగున పెట్టి ఎత్తాలి.

చెరకు రసంలో చక్కెర ఎంతుందో చూడటం మా పనిలో ముఖ్యమైనది. మెడ మీద గీత ఉన్న ఫ్లాస్కులో ఆ గీత దాకా రసం పోస్తాం. గీతను కంటికి సమంగా పెట్టి చూడాలి, పైనుంచి వంగి చూస్తే లెక్క తప్పుతుంది. అందులో చిటికెడు సీసం పొడి వేసి కుదిపితే రసంలోని మురికంతా పాలు విరిగినట్టు విరిగి ముద్ద కడుతుంది. గరాటులో వడపోత కాగితం వేసి పోస్తే, మొదటి చుక్కలు పారబోశాక, కిందికి ఊటనీళ్ళలాగా తేటగా దిగుతుంది. ఆ తేటను బుడగ లేకుండా పొడుగాటి గాజు గొట్టంలో నింపి, చీకటి గదిలో పోలారిమీటర్ అనే యంత్రంలో పెట్టి దీపం వెలుగులో చూస్తాం. గుండ్రటి వెలుగు రెండు సగాలుగా కనిపిస్తుంది. రెండూ ఒకే ఛాయకు వచ్చేదాకా చక్రం తిప్పితే, ఆగిన చోట అంకె ఉంటుంది. ఓపిక ఉన్నవాడికి ఇదేమంత కష్టమైన పని కాదు.

ఆ గాజు సామాను కడగడానికి ఈరవ్వ ఉండేది. వర్ని పక్క పల్లె. మొగుడు పోయాక మిల్లులో పనికి చేరింది. అక్షరం ముక్క రాదు. అయినా ఏ సీసాలో ఏముందో బిరడా చూసి చెప్పేది. గాజు శుభ్రంగా ఉందో లేదో కనుక్కోవడం కులకర్ణి గారు ఆమెకు నేర్పారు. కడిగి పట్టుకుంటే నీళ్ళు సన్నటి పొరలాగా జారిపోవాలి. చుక్కలు చుక్కలుగా నిలిచాయంటే ఇంకా జిడ్డు ఉన్నట్టే, మళ్ళీ కడగాలి. ఈరవ్వ కడిగిన ఫ్లాస్కు మీద చుక్క నిలవగా నేను చూడలేదు.

ఆ గదిలోకి ఆత్మారాం అసిస్టెంట్ కెమిస్టుగా వచ్చాడు. భాగస్తుల్లో ఒకాయన లింబయ్యకు వియ్యంకుడి వరస. అంతకు మించి అర్హత ఎవరూ అడగలేదు.

వచ్చిన పదిహేను రోజులకు తేజాబ్‌ను పలచన చేయమని కులకర్ణి గారు పురమాయించారు. నీళ్ళలో తేజాబ్‌ను కొంచెం కొంచెంగా, గాజు కడ్డీతో కలుపుతూ పోయాలి. తేజాబ్‌లో నీళ్ళు పోయకూడదు. బడిపిల్లలకు చెప్పే మొదటి పాఠం ఇది. ఆత్మారాం బీకరులో తేజాబ్ పోసుకుని, చెంబుతో నీళ్ళు తెచ్చి గుమ్మరించాడు. బుస్సుమని పొంగి చిమ్మింది. ముంజేయి మీద, కోటు మీద పడింది. అతను గంతులేస్తుంటే ఈరవ్వ చేతిలోది కింద పెట్టి, అతని చెయ్యి లాగి తొట్టి మీద పట్టుకుని ముంత వెంట ముంత నీళ్ళు పోసింది. తుడవనివ్వలేదు, రుద్దనివ్వలేదు, వెన్న రాస్తానంటే రాయనివ్వలేదు. నూరు ముంతలకు తక్కువ కాకుండా పోసింది. తోలు ఊడకుండా ఎర్రటి మచ్చలతో పోయింది. ఆ సాయంత్రం అతను మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఈరవ్వ తడి బీకరు ఇవ్వడం వల్ల ప్రమాదం జరిగిందనీ, పైగా నీళ్ళు పోసి కోటు పాడు చేసిందనీ ఫిర్యాదు చేశాడు. కులకర్ణి గారు వెళ్ళి జరిగింది చెప్పారు. మేనేజరు ఇద్దరి మాటా విని తల ఊపాడు. వియ్యంకుడి వరస కదా.

కులకర్ణి గారు ఆ సీజను చివర్లో వెళ్ళిపోయారు. కళ్ళకు పొరలు కమ్మాయి. పోలారిమీటర్‌లో రెండు సగాలూ తనకు ఎప్పుడూ ఒకటిగానే కనిపిస్తున్నాయనీ, అలాంటి కళ్ళతో అంకె చెప్పడం మోసమనీ తనే రాజీనామా రాశారు. వెళ్ళే ముందు మమ్మల్ని ముగ్గురినీ పిలిచి సీసం పొడి డబ్బా బల్ల మీద పెట్టారు. ఇది నాలుకకు తియ్యగా ఉంటుంది, అదే దీని మోసం అన్నారు. కొంచెం కొంచెంగా ఒంట్లో చేరుతుంది, కడుపు బిగదీస్తుంది, చిగుళ్ళ మీద నల్లటి గీత కడుతుంది, చివరికి మణికట్లు పడిపోతాయి అన్నారు. సీసం వేసిన రసం ఎంత తేటగా ఉన్నా నోట్లోకి పోకూడదు, చేతులు కడగకుండా ఎవరూ గడప దాటకూడదు అన్నారు. ఈరవ్వ డబ్బా వైపు చూస్తూ వింది. ఆత్మారాం పాన్ మడుస్తున్నాడు.

మరుసటి సీజనుకు ఆత్మారామే మా కెమిస్టు. మొదటి రోజే పాన్‌దాన్ తెచ్చి తూకం యంత్రం పక్కన పెట్టాడు. తమలపాకులు బల్ల మీద, సున్నం డబ్బీ సీసం డబ్బా పక్కన. సీసం పొడి వేసిన వేళ్ళతోనే సున్నం రాసేవాడు, అదే వేళ్ళతో ఆకు నోట్లో కుక్కేవాడు. ఈరవ్వ తొట్టి దగ్గర సబ్బు పెడితే, నేను పాకీవాణ్నా ఇన్నిసార్లు చేతులు కడగడానికి అని నవ్వాడు. అలా అన్న మనిషి రోజుకు నాలుగుసార్లు అద్దంలో మీసం దువ్వుకునేవాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఎవరో ఒక భాగస్తుడు చిన్నప్పటి బెల్లం సంగతి తీశాడు. నీ నాలుక ఉండగా మాకీ యంత్రమెందుకని వేళాకోళమాడాడు. ఆత్మారాం దాన్ని వేళాకోళం అనుకోలేదు. వడపోసిన తేట రసాన్ని ఒక గుక్క నోట్లో పోసుకుని, కళ్ళు మూసి, పుక్కిలించి మింగి, పద్నాలుగు పాయింట్ రెండు అన్నాడు. తర్వాత వాళ్ళను చీకటి గదిలోకి తీసుకెళ్ళి చక్రం చూపించాడు. అంకె సరిగ్గా అక్కడే ఉంది. భాగస్తులు చప్పట్లు కొట్టారు.

అంకె అక్కడ ఉంటుందని అతనికి నేనే చెప్పాను. ముందే నేను గొట్టం నింపి చూసి వచ్చి, రిజిస్టరు తిప్పుతూ, 'పేజీ పద్నాలుగు సాబ్, రెండో లైను' అన్నాను. అదీ మా ఏర్పాటు. అతను నాతో మాట్లాడుకుని చేసుకున్న ఏర్పాటు. ఉద్యోగం పోతుందని ఒప్పుకున్నాను అంటే అబద్ధం. నన్ను అతను ఒక్కసారి కూడా బెదిరించలేదు. అడిగాడు, సరేనన్నాను. లింబయ్య మొహం చూసి నోరు విప్పని హమాలీలను వెక్కిరించే అర్హత అందుకే నాకు లేదు.

ఆ తర్వాత వారానికి రెండు మూడు సార్లు ఎవరో ఒకరు చూడటానికి వచ్చేవాళ్ళు. తాలూకా అధికారులు, వాళ్ళ బావమరుదులు, బోధన్ నుంచి వచ్చిన గుత్తేదారులు. ఎవరూ రాని రోజున కూడా ఆత్మారాం ప్రతి నమూనాకూ ఒక గుక్క తాగి చూసేవాడు. సాధన అనేవాడు. నిజంగానే తన నాలుకకు తెలుస్తోందని అతను నమ్మడం మొదలుపెట్టాడు. నేను పేజీ చెప్పిన సంగతి మరచిపోయి, నేనే ఆశ్చర్యపోవాలన్నట్టు నా వైపు చూసేవాడు. మోసం చేసేవాణ్నయినా భరించవచ్చు. తన మోసానికి తనే ముగ్ధుడయ్యేవాణ్ని పక్కన పెట్టుకుని పనిచేయడం కష్టం.

అతను కెమిస్టయ్యాక రెండో సీజను దసరా తర్వాత మొదలైంది. సంక్రాంతి నాటికి ఆత్మారాం మొహం పాలిపోయింది. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి అని బల్ల మీదికి వంగి కూర్చునేవాడు. వారమేసి రోజులు దొడ్డికి పోయేవాడు కాదు. ఇంటికి పోయినప్పుడు తల్లి వంటలో పులుపు ఎక్కువైందన్నాడు, కాలువ నీళ్ళన్నాడు, దిష్టి అన్నాడు. ఇంగువ తిన్నాడు, వాము నమిలాడు. రసం తాగడం మాత్రం ఎక్కువ చేశాడు. చెరకు రసం కడుపుకు చలవట.

కార్తీకం చివరి నుంచే తేట రసం ఇంటికి మోసుకుపోతున్నాడు. ఇంత తేట రసం గంజ్‌లో ఎవరూ చూసి ఉండరని తల్లితో గొప్ప. మధ్యాహ్నం మిగిలిన వడపోతలన్నీ ఒక సీసాలోకి వంచుకుని, వారానికి ఒకసారి నిజామాబాద్ పోయేటప్పుడు పట్టుకుపోయేవాడు. రుక్మాబాయి ఆ సీసాను దేవుడి ముందు పెట్టి, తర్వాత తాగేదని అతనే మాకు చెప్పాడు.

మొదట్లో ఈరవ్వకు ఆ సీసా ఎటు పోతోందో తెలియదు. తెలిసిన రోజున ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి అతని ముందు నిలబడింది. నేను రిజిస్టరులో గీతలు గీసుకుంటున్నాను.

"సాబ్, గది తాగేది గాదు. పెద్దసాబు జెప్పిపోయిండు గద. అండ్ల సీసముంటది" అంది.

ఆత్మారాం ఆమె వైపు చూడకుండానే సీసాకు బిరడా బిగించాడు. "నాకు కెమిస్ట్రీ నేర్పుతవా? ఇంత సాఫ్ రసం మీ ఊర్ల ఎవలన్న కండ్ల జూసిండ్రా?"

"సాఫ్‌గనే ఉన్నది. మీ కడుపే సాఫ్ లేదు. అద్దంల మీసం సూసుకుంటరు గద, జర పెదిమ లేపి చిగుర్లు గూడ సూసుకోండ్రి. మీరు తాగితే మీ ఇష్టం సాబ్. ముసలవ్వకు తీస్కపోకుండ్రి."

అతను సీసా సంకలో పెట్టుకుని లేచాడు. ఈరవ్వ పక్కకు జరగలేదు. నెమ్మదిగా, పిల్లవాడి చేతిలోంచి కత్తి తీసుకున్నట్టు, సీసా అతని సంకలోంచి తీసుకుంది. తొట్టి దగ్గరికి పోయి రసమంతా తూములో పోసింది. ఆ పైన సీసాను మూడు నీళ్ళు కడిగి, వెలుతురుకు పట్టి చూసి, మేకుకు బోర్లించింది. కోపంలో కూడా ఆమె సీసాను మురికిగా వదల్లేదు.

గంట తిరగకుండా ఆమె పని పోయింది. మిల్లు సరుకు పారబోసిందని మేనేజరు దగ్గర రాయించాడు. సాక్షిగా నా పేరు రాశాడు. నేను అవునని అనలేదు, కాదని అనలేదు. గేటు దాకా ఆమె వెనక నడిచాను. ఎందుకు నడిచానో నాకు తెలియదు.

గేటు దగ్గర ఆమె ఆగింది. "తమ్మీ, నువ్వు పేజీలు జెప్పుడు బంద్‌జెయ్యి. ఆయనను సీసమొక్కటే సంపుతలేదు" అంది. తర్వాత వర్ని వైపు నడిచి వెళ్ళిపోయింది.

మరో ఇరవై రోజులు నేను పేజీలు చెప్పాను. అతను రెండు సీసాలు ఇంటికి మోశాడు. ఈరవ్వ లేని గదిలో ఫ్లాస్కుల మీద చుక్కలు నిలవడం మొదలైంది. కొత్తగా పెట్టిన మనిషి గాజును మట్టితో తోమేవాడు. గీతలు పడ్డ గొట్టాల్లో అంకెలు తప్పుతున్నా పట్టించుకున్నవాళ్ళు లేరు. పట్టించుకోవలసినవాడు బల్ల మీద తల పెట్టుకుని మూలుగుతున్నాడు.

మాఘమాసంలో భాగస్తులు నలుగురూ ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. మిల్లులో ఆయన వాటా తీసుకుంటాడని ఆశ. ఆత్మారాం నల్ల కోటు తొడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. నేను పేజీ చెప్పాను. అతను బీకరు అందుకున్నాడు. రెండు అంగుళాలు లేచిందో లేదో, మణికట్టు తడిసిన గుడ్డలాగా కిందికి వాలింది. వేళ్ళు బీకరును పట్టుకునే ఉన్నాయి, కానీ చెయ్యి లేవలేదు. రెండో చెయ్యి ఆసరా పెట్టబోయాడు. అదీ అంతే. బీకరు జారి పెద్దమనిషి కాళ్ళ మీద పగిలింది. తాగి వచ్చాడా అని ఆయన అడిగాడు. మేనేజరు అవునేమో అన్నట్టు చూశాడు. ఆత్మారాం తన రెండు చేతులనూ ఎవరివో అన్నట్టు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ ఒక్క క్షణం నాకు అతని మీద జాలి కలిగింది. అంతలోనే అతను, "కొత్త మనిషి బీకరుకు నూనె పూసిండు, జారింది" అన్నాడు. జాలి పోయింది.

మర్నాడు బస్సులో అతన్ని నిజామాబాద్‌కు నేనే తీసుకెళ్ళాను. కోటు గుండీలు నేనే పెట్టాల్సి వచ్చింది. గంజ్ వెనక వీధిలో ఒక ముసలి డాక్టరు ఉండేవారు. ఆయన చేతులు చాచమన్నారు. రెండూ వేలాడాయి. పెదవి పైకి ఎత్తి చూశారు. చిగుళ్ళ అంచున, పళ్ళను ఆనుకుని, పెన్సిలుతో గీసినట్టు నీలం కలిసిన నల్లటి గీత. ఏం పని చేస్తావని అడిగారు. కెమిస్టునని ఆత్మారాం కాస్త గర్వంగానే చెప్పాడు. చక్కెర మిల్లులో రసం తేర్చడానికి ఏం వాడతారని డాక్టరు అడిగారు. అతను కాలువ నీళ్ళ గురించి మొదలుపెట్టాడు. నేను సీసం అని చెప్పాను.

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గోడలకు రంగులేసెటోళ్ళకు వస్తదిది. పాపం, వాళ్ళకు తెల్వక వస్తది" అన్నారు.

ఇంట్లో ఇంకెవరైనా తాగారా అని అడిగారు. ఆత్మారాం గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. డాక్టరు మళ్ళీ అడిగారు. అతను క్యాలెండరు మీంచి చూపు తిప్పలేదు. తల్లి ప్రాణం కన్నా తన అబద్ధం పెద్దదై కూర్చుంది అక్కడ. "వాళ్ళ అవ్వ తాగింది" అన్నాను నేను. "తొమ్మిదో పదో సీసాలు." పేజీ నంబరు కాకుండా ఆ మనిషి ఎదుట నేను గట్టిగా చెప్పిన మొదటి మాట అది. అంతకు ముందు చెప్పి ఉండవలసింది.

అదే పూట రుక్మాబాయిని చూశారు. ఆమెకూ కడుపునొప్పి ఉంది. చిగుళ్ళ మీద గీత సన్నగా ఉంది, చేతులు ఇంకా పడలేదు. ఇద్దరికీ భేది ఉప్పు, పాలు, గుడ్లు రాసి, ఆ సీసాలు ఇంట్లో ఉంటే పారేయమన్నారు. ముసలామె ఏడవలేదు. కొడుకు మొహం వైపు చూసి, సీసా పారబోసిన ఆడమనిషి సంగతి నువ్వు నాకు నవ్వుతూ చెప్పినవు కదరా అని మాత్రం అంది. చేతులు లేవకపోతే దండం పెట్టడం కూడా రాదని నాకు అప్పుడు తోచింది, కానీ అతను పెట్టాలనుకున్నాడని నేను అనుకోను.

మిల్లువాళ్ళు ఆత్మారాంను రావద్దన్నారు. అతని నాలుక మోసం సంగతి వాళ్ళకు చివరిదాకా తెలియదు. రోగిష్టి మనిషి అనే తీశారు. కొత్త కెమిస్టును కొల్హాపూర్ వైపు నుంచి పిలిపించారు. ఆయన వచ్చీ రాగానే ఫ్లాస్కులు వెలుతురుకు పట్టి చూసి, ఇంతకు ముందు ఇవి ఎవరు కడిగేవాళ్ళని అడిగాడు. నేను ఈరవ్వ పేరు చెప్పాను. ఎందుకు తీశారంటే జరిగిందంతా చెప్పాను, నా పేజీలతో సహా. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నేను ఆత్మారాం వైపు చూసిన చూపే అది. నన్ను తీసేయలేదు, ఆమెను పిలుచుకు రమ్మన్నాడు.

ఈరవ్వ వర్ని దగ్గర వరి నాట్లలో ఉంది. ఒడ్డు మీద నిలబడి రమ్మని అడిగాను. ఆమె చేతిలోని నారు కట్ట పూర్తయ్యేదాకా వంగిన నడుము ఎత్తలేదు. సబ్బు ఇస్తారా, తొట్టికి దగ్గరగా నల్లా పెడతారా అని అడిగింది. ఇంకేమీ అడగలేదు. నాట్లు అయిపోయిన నాలుగో రోజున వచ్చి, ముందుగా గదిలోని గాజంతా దింపి రెండు రోజులు కడిగింది.

ఆత్మారాం ఎడమ చెయ్యి వానాకాలానికి కొంచెం లేచింది. కుడి చెయ్యి పూర్తిగా రాలేదు. అతను ఏమైపోయాడని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంటుంది. నిజామాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు పాఠం చెప్పడానికి పెట్టుకున్నారు. చక్కెర మిల్లులో పరిశోధన చేస్తూ చేతులు పోగొట్టుకున్న పెద్దమనిషి అని అక్కడి వాళ్ళకు గౌరవం. పోలారిమీటర్ దీపం వెలుగు ఎక్కువసేపు తగలడం వల్ల నరాలు చచ్చాయని పిల్లలకు చెబుతాడట. పిల్లలు ముక్కు మీద వేలేసుకుంటారట.

ఆ ఏడు చెరకు గానుగ ఆట మొదలైన కొత్తలో ఒక పొద్దున రుక్మాబాయి బస్సు దిగి మా ప్రయోగశాల గడప ముందు నిలబడింది. బాగా చిక్కిపోయింది. ఇక్కడ ఈరవ్వ అంటే ఎవరని నన్ను అడిగింది. చూపించాను. ఈరవ్వ తొట్టి దగ్గర గొట్టాలు కడుగుతూ ఉంది. ముసలామె దగ్గరికి పోయి చేతులు జోడించబోయింది. ఈరవ్వ తడి చేతులతోనే ఆపి, వెలుతురున్న కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టింది.

"నోరు తెరువవ్వా."

పెదవి పైకి ఎత్తి, పక్కకు తిప్పి, ఫ్లాస్కును చూసినంత శ్రద్ధగా చూసింది.

"పోతున్నది. ఎండాకాలం నాటికి మొత్తం పోతది. పాలు తాగుతున్నవా?"

"తాగుతున్న బిడ్డా." రుక్మాబాయి కళ్ళు తుడుచుకుంది. "వాణ్ని గూడ రమ్మన్న. రెండు దినాల సంది మొత్తుకున్న. బడికి యాళ్ళయితున్నదని ఎల్లిపోయిండు."

ఆ రోజు శుక్రవారం. నిజాం ఏలుబడిలో బడులకు ఆ రోజే సెలవు. ఈరవ్వకు ఆ సంగతి తెలుసు, నాకూ తెలుసు, ముసలామెకూ తెలుసు. ఈరవ్వ తిరిగి తొట్టి దగ్గరికి పోయి ఇంకో గొట్టం అందుకుంది.